వాగుకు తోడు పెట్టిన పిల్ల

మా ఇద్దరి డబ్బాలూ ఒక్కలాగే ఉండేవి. నీలం ఒళ్లు, తెల్ల మూత, భుజానికి తగిలించుకునే పట్టీ, లోపల ఐసు. నా డబ్బాలో పసిపిల్లల టీకాలు. ఆమె డబ్బాలో బురద.

జఫర్‌గఢ్ నుంచి వచ్చే ఉదయపు బస్సులో ఆ పిల్ల నా పక్కనే కూర్చుంది. నా పేరు గ్రేస్. ఆ చుట్టుపక్కల ఊళ్లకూ తండాలకూ ఆరోగ్య ఉపకేంద్రం నర్సును. నా ఊళ్లలోకి నాకు చెప్పకుండా ఇంకొకరు టీకాలు పట్టుకుని వస్తే ఊరుకుంటానా? "ఏ ఊరికమ్మా? ఎవరు పంపిన్రు నిన్ను?" అని గట్టిగానే అడిగాను. మా ఇంట్లోవాళ్లు నాకు ముక్కు మీదే కోపం అంటారు. ఉన్న కోపం ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. ఆ పిల్ల మూత తీసి చూపించింది. ప్లాస్టిక్ గొట్టాల నిండా నల్లటి మట్టి. కుళ్లిన కోడిగుడ్డు వాసన గుప్పుమంది. కండక్టర్ వచ్చి ఇద్దరినీ దింపేస్తానన్నాడు. నన్నెందుకు దింపుతావని నేను, గొట్టాలకు మూతలు గట్టిగానే ఉన్నాయని ఆ పిల్ల, ఇద్దరం కలిసి అతనితో కొట్లాడాం. స్నేహం అక్కడ మొదలైంది.

ఆమె పేరు జమున. బానోత్ వారి పిల్ల, సోమ్లా తండా. అంటే నా తండాయే. తండ్రి జైసింగ్ ఆటో నడుపుతాడు. జమున చిన్నప్పుడు తల్లీ తండ్రీ హైదరాబాదులో బిల్డింగుల పనికి పోతే, నాయనమ్మ తారి దగ్గర పెరిగింది. తర్వాత మహబూబాబాద్ హాస్టలు, జనగామలో డిగ్రీ, వరంగల్‌లో పెద్ద చదువు. మొదటిసారి సూక్ష్మదర్శినిలో కన్ను పెట్టినప్పుడు కదులుతున్నది తన కనురెప్ప వెంట్రుకే అనుకుందట. కాదని తెలిశాక భోజనానికి కూడా లేవలేదట. ఇప్పుడు విశ్వవిద్యాలయంలో ఒక పరిశోధనకు సహాయకురాలు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాల వాగుల్లో దిగి, అడుగు మట్టిని గొట్టాల్లోకి తీసి, అందులో నత్రజనితో బతికే సూక్ష్మజీవులు ఎవరున్నారో, ఎందుకున్నారో చూడటం ఆమె పని.

"గ దాంట్ల చూసేందుకు ఏముందే, బురద బురదే కద?" అన్నాను ఒకరోజు.

అడగకుండా ఉండాల్సింది. దిగాల్సిన స్టేజీ దాటిపోయింది గానీ ఆమె చెప్పడం ఆపలేదు. మట్టి పై పొరలో, గాలి తగిలే చోట, ఒక రకం వాళ్లుంటారట. పేడలోంచి, ఎరువులోంచి వచ్చిన నత్రజనిని నైట్రేటుగా మార్చడం వాళ్ల పని. వాళ్ల కింద, గాలి అందని నల్ల పొరలో, ఇంకో రకం. పీల్చుకోవడానికి గాలి ఉండదు కాబట్టి వాళ్లు ఆ నైట్రేటునే పీలుస్తారట. పీల్చి, దాన్ని మళ్లీ మామూలు గాలి చేసి బుడగలుగా వదిలేస్తారట. చేలలోంచి కొట్టుకొచ్చిన యూరియా మన తాగునీళ్లలో నైట్రేటుగా చేరకుండా చాలావరకు ఆపేది వాళ్లే. ఆ పిల్ల వాళ్లు వాళ్లు అంటూ చెప్తుంటే తన మేనమామల సంగతి చెప్తోందేమో అనిపించేది.

"అన్ని వాగులల్ల ఒక్కతీరు ఉండరక్కా," అంది. "బచ్చన్నపేట దిక్కు వాగులు ఎప్పుడు చూసినా ఎండే ఉంటయి. గక్కడోళ్లు మట్టిల పండుకుంటరు. తొలకరి పడంగనే లేచి ఒకటే హడావుడి. భూపాలపల్లి అడివి వాగులల్ల ఆకు మస్తు కుళ్లుతది గాని ఎరువు రాదు. అక్కడోళ్లు కొంచెంతోనే సరిపెట్టుకుంటరు. మన దిక్కు మక్క చేన్లు. కింద నల్లమట్టి, పైకెల్లి యూరియా నీళ్లు. మనకాడ జాతరే. ఉట్టి గరుకు ఇసుక ఉందనుకో, ఎవ్వరు నిలువరు."

"మరి ఎవర్ని ఎక్కడ ఉండుమనేది ఎవరు?"

"ఉండే జాగనే అక్కా. మనోళ్లు గూడ గంతే కద. పని, నీళ్లు ఉన్నకాడికి పోతరు. లేకుంటే వానకు ఎదురుచూస్తరు."

పని కోసం తల్లిదండ్రులు ఊరు విడిచిపోయిన పిల్ల అన్న మాట అది. కిటికీలోంచి బయటికి చూశాను. నాకు ఆ రోజే ఈ పిల్ల మీద ఇష్టం కలిగింది, ఇష్టమంటే మామూలు ఇష్టం కాదు.

ఇక తండా సంగతి. సోమ్లా తండా పక్కనుంచి ఒక చిన్న వాగు పోయి ఆకేరులో కలుస్తుంది. తండా దగ్గర అది వంపు తిరిగి మడుగు కడుతుంది. మడుగు ఒడ్డున ఊటబావి. వరదకు పైపులైను కొట్టుకుపోయిన దగ్గర్నుంచి నల్లా నీళ్లు ఒకరోజు వస్తే మూడు రోజులు రావు. అందుకని తండా అంతా ఆ బావినే తాగుతుంది. వాగుకు పైన ఎటు చూసినా మక్కజొన్న, పత్తి. మక్కకు మావాళ్లు యూరియా పోసే తీరు చూస్తే అది పంటకు కాదు, పగవాడికి పోస్తున్నారనిపిస్తుంది. ఆ నీళ్లన్నీ వాగులోకే దిగుతాయి. మడుగుకు పైన జమున పరీక్ష చేస్తే నైట్రేటు మండిపోయింది. బావిలో చేస్తే ఏమంత లేదు. మధ్యలో ఏముంది? మడుగు అడుగున మోకాలి లోతు నల్లమట్టి. దాంట్లో ఆమె మేనమామలు.

ఆ సంగతి తేలిన రోజు ఆమె ఆనందం పట్టలేకపోయింది. తన తండా బురదే తన తండా నీళ్లను కాపాడుతోందని తండాకు చెప్పకుండా ఎట్లా ఉంటుంది! ఒక సాయంత్రం సేవాలాల్ గుడి ముందర అందరినీ కూర్చోబెట్టింది. నేను పిల్లల బరువులు తూస్తూ అక్కడే ఉన్నాను.

"మన మడుగు మట్టిల సూక్ష్మజీవులున్నయి," అని మొదలుపెట్టింది.

"అంటే ఏందే?" అన్నాడు బిక్షపతి. అతను వార్డు మెంబరు. మంచివాడే. పని అంటే ముందుంటాడు, చెప్పేది పూర్తయ్యేదాకా ఆగడు.

జమున తడుముకుంది. అంత చదువు చదివిన పిల్లకు ఆ ఒక్క మాటకు మన మాట దొరకలేదు. "అంటే... కండ్లకు కనబడని పురుగులు మామా. కోట్లకు కోట్లు ఉన్నయి."

పురుగులు! ఆ తర్వాత ఆమె చెప్పిందేదీ ఎవరి చెవినా పడలేదని ఇప్పుడు నాకు తెలుసు. పత్తి వేసే ఊళ్లలో పురుగు అంటే ఒక్కటే అర్థం. చేలో పురుగు, దాన్ని చంపడానికి పురుగుల మందు. తాగే నీళ్ల పక్కన కోట్లకు కోట్లు పురుగులున్నాయని చదువుకున్న పిల్ల చెప్పాక ఎవరైనా చేతులు ముడుచుకుని కూర్చుంటారా? అందరూ తలలూపారు. జమున తలలూపడం చూసి మురిసిపోయింది. మర్నాడు భూపాలపల్లి వైపు మట్టి తీయడానికి పోయింది. నేనూ ఆ వారం వేరే ఊళ్లలో టీకాలకు తిరిగాను.

బిక్షపతి బామ్మర్దికి జేసీబీ ఉంది. ఇంటికొక మనిషి వచ్చారు. ఎవరూ కూలి అడగలేదు. మడుగులోని నల్లమట్టి అంతా తవ్వి, ఒండ్రు బలమని తలా ఇంత తమ చేలలో పోసుకున్నారు. మిగిలిన ఇసుక మీద సంచుల కొద్దీ బ్లీచింగ్ పౌడరు చల్లారు. ఇంత శ్రద్ధగా, ఇంత ఐకమత్యంగా ఆ తండా ఏ పనీ చేయగా నేను చూడలేదు. సర్కారు పని అయి ఉంటే ఏడాది పట్టేది.

జమున తిరిగి వచ్చిన రోజు నేను తండాలోనే ఉన్నాను. బిక్షపతి ఎదురెళ్లి చెయ్యి పట్టుకుని వాగు దగ్గరికి తీసుకుపోయాడు. మడుగు తళతళలాడుతోంది. అడుగున ఇసుక రేణువులు లెక్కపెట్టుకోవచ్చు.

"చూసినవా బిడ్డా, నీ పురుగులను ఒక్కటి లేకుంట ఊడ్చిపారేసినం."

ఆమె ముఖం నేను చూశాను. రెండేళ్లుగా నెలనెలా వచ్చి మట్టి తీసుకున్న చోటు అది. అరుస్తుందనుకున్నాను. నేనైతే బిక్షపతిని ఆ మడుగులోనే ముంచేదాన్ని. జమున ఒడ్డున కూర్చుని, "మస్తు కష్టపడ్డరు మామా," అంది. అంతే. తర్వాత నాతో ఒంటరిగా, "మాట నాది అక్కా. వాళ్లు మాట విన్నరు, గంతే," అని ఏడ్చింది. తప్పు తనదేనని చెప్పడానికి ఆమె ఇంకో మాట వెతుక్కోలేదు. ఆ వయసులో అంత పెద్ద మనసు నాకు లేదు, ఇప్పుడూ లేదు.

విశ్వవిద్యాలయంలో సారు ఆ చోటును వదిలేసి ఇంకో వాగు చూసుకోమన్నారు. పరిశోధనకు ఆ సలహా సరైనదే. కానీ తండా బావిని మార్చుకోలేదు కదా.

చలికాలం మొదట్లో జమున అన్న బాల్‌సింగ్‌కు ఆడపిల్ల పుట్టింది. వదిన నీలికి కాన్పు తర్వాత జ్వరం పట్టుకుని పాలు సరిగ్గా పడలేదు. డాక్టరు పాలపొడి రాసి, నీళ్లు బాగా కాచి కలపమని చెప్పాడు. మడుగు మట్టి పోయాక బావిలో నైట్రేటు పెరిగిందని, పసిపిల్లలకు ఆ నీళ్లు తాగించొద్దని జమున అప్పటికే అందరికీ చెప్పింది, నేనూ చెప్పాను. బాల్‌సింగ్ మండల కేంద్రం నుంచి ఫిల్టరు నీళ్ల క్యాను తెచ్చేవాడు. ఒకసారి అతను పనిమీద వెళ్లి రెండు రోజులు రాలేదు. క్యాను అయిపోయింది. నీలి బావి నీళ్లను తెర్లేదాకా కాచింది, ఇంకా మంచిదని మళ్లీ కాచింది. ఆమె చేసిన దాంట్లో తప్పేముంది? నీళ్లు కాస్తే రోగం పోతుందని ఇన్నేళ్లుగా ఇంటింటికీ తిరిగి చెప్పింది నేనే. కానీ నైట్రేటు కాస్తే పోదు. నీళ్లు ఆవిరైన కొద్దీ చిక్కబడుతుంది. పెద్దవాళ్లకు దానితో అప్పటికప్పుడు ఏమీ కాదు. పాలు తాగే పసిగుడ్డు రక్తం మాత్రం గాలిని మోయలేకపోతుంది.

నేను పోయేసరికి పిల్ల పెదవులు, గోళ్లు నీలంగా ఉన్నాయి. ఎవరో "నీలి బిడ్డ నీలమైంది" అన్నారు. వాళ్ల నోటి మీద కొట్టాలనిపించింది. జైసింగ్ ఆటోలో మహబూబాబాద్ దవాఖానకు తీసుకుపోయాం. నేను ఏం జరిగి ఉంటుందో డాక్టరుకు చెప్పాను, ఆయన వెంటనే పట్టుకున్నాడు. నీలం రంగు మందు ఒకటి సూదిలోంచి ఎక్కించారు. నీలం పోవడానికి నీలం మందేమిటని నీలి నన్ను కళ్లతోనే అడిగింది. చూస్తుండగానే పిల్ల పెదవులకు రంగు వచ్చింది. ప్రభువా, నేను ఆ క్షణాన్ని ఎన్నటికీ మరవను.

దవాఖాన వరండాలో నీలి మొదటిసారి నోరు విప్పింది, కబురంది వరంగల్ నుంచి వచ్చిన జమునతో. "నువ్వు గా పురుగుల మాట అనకపోతే నా బిడ్డకు గిట్ల కాకపోవు."

నేను అడ్డుపడబోయాను, జమునే నా చెయ్యి నొక్కి ఆపింది. బిడ్డను క్యాను నీళ్లతో గట్టెక్కించుకోవచ్చు. కానీ తండాలో ఇంకో ఇద్దరికి నెలలు నిండుతున్నాయి. ప్రతి ఇంటికీ ప్రతిరోజూ క్యాను వస్తుందని ఎవరు హామీ ఇస్తారు? బావి మళ్లీ మంచిదైతే తప్ప నీలి జమున ముఖం చూడదు, జమున కూడా తన ముఖం తాను చూసుకోలేదు.

ఆ వారమే తారి ఇంట్లో కూర్చున్నాం. తారికి ఎన్నేళ్లో ఆమెకే తెలియదు. రెండు బర్రెలున్నాయి, వాటి పాలు, పెరుగు ఆమె రాజ్యం. పొయ్యి పక్కన కూర్చుని పాలకుండలో వేలు ముంచి చూసి, ఇంకా వేడిగా ఉన్నాయని పక్కన పెట్టి, కాసేపటికి మళ్లీ ముంచి, నిన్నటి పెరుగు కొంచెం కలిపి, చలికి గొంగడి చుట్టి పొయ్యి గడ్డ దగ్గర పెట్టింది. జమున కళ్లార్పకుండా చూస్తోంది. కళ్లలో ఒక్కసారి నీళ్లు నిండాయి.

"తోడు," అంది. "అక్కా, తోడు! పురుగులు ఏంది నా తల్కాయ... తోడు అననుంటిని కద!"

నాయనమ్మ వైపు తిరిగి వాళ్ల భాషలో గబగబా చెప్పింది. తర్వాత నా కోసం తెలుగులో మళ్లీ చెప్పింది. మడుగు మట్టిలో ఉన్నది తోడు. పాలను పెరుగు చేసే తోడు కంటికి కనబడుతుందా? కనబడదు. అట్లాగే ఇదీ. వాగు నీళ్లను మంచినీళ్లు చేసే తోడు. తారి అంతా విని, గొంగడి సర్దుతూ, మనం తోడంతా కడిగి పారేశామన్నమాట అంది. ఆ తర్వాత పక్కింటికి పోయి అడిగినంత మామూలుగా అంది:

"అయితే ఏంది? ఇంట్ల తోడు ఒడిసిపోతే ఇంకోల్లింట్ల తెచ్చుకోమా?"

జమున నవ్వింది, ఆలోచించింది, మళ్లీ నవ్వింది. తేవచ్చు. కానీ తోడు ఒక్కటే తెస్తే చాలదు, అది బతికే చోటు తయారుచేయాలి. ఆ లెక్కంతా ఆమెకు తెలుసు. ఇన్నాళ్లూ మూడు జిల్లాల వాగుల్లో ఆమె చదివింది అదే. గాలి ఎంత లోతుకు దిగితే వాళ్లు నిలవరు, తినడానికి ఎంత ఆకు కావాలి, నీళ్లు ఎంత మెల్లగా పారాలి, ఎంత చల్లబడితే పని ఆపేస్తారు. ఇంతకాలం ఆ చదువును కాగితాల్లో పెట్టింది. ఇప్పుడు తన వాగులో పెట్టాలి.

మళ్లీ సేవాలాల్ గుడి ముందరే కూర్చోబెట్టింది. ఈసారి ముందుగా ఒక గిన్నెలో పెరుగు పెట్టుకుంది. నేను వెనక నిలబడి, ఒక్కడు కూడా సగంలో లేచిపోకుండా కాపలా కాశాను. ఆమె "తోడు" అనగానే ఆడవాళ్ల ముఖాలు మారడం నాకు కనిపించింది. మగవాళ్లకు మాత్రం రెండోసారి చెప్పాల్సి వచ్చింది.

"అంటే మేం తోడును పారబోసినమా?" అన్నాడు బిక్షపతి.

"నేను సక్కగ చెప్పలే మామా."

"మల్ల పెడుదాం. మా బామ్మర్ది బండి తెస్త."

"నీకు దండం పెడత మామా, గా బండి మాత్రం వాగుల దిగొద్దు!"

అందరూ నవ్వారు, అందరికన్నా ముందు బిక్షపతే. ఆ నవ్వులో ఏదో కరిగింది. నీలి మాత్రం నవ్వలేదు. పిల్లను ఎత్తుకుని దూరంగా నిలబడింది.

వాగుకు చాలా పైన, మద్దిచెట్ల నీడలో ఎవరూ ముట్టని ఇంకో మడుగు ఉంది. అక్కడి నల్లమట్టిని జమున గొట్టంతో తీసి పరీక్ష చేసి, ఇది పనికొస్తుందంది. ఆడవాళ్లు బకెట్లలో, బిందెల్లో మట్టి తీసి, ఆరిపోకుండా తడి గోనెలు కప్పి మోసుకొచ్చారు. పై మడుగు పాడవకుండా ఒక్కో చోట కొంచెమే తీయమని జమున వెంటపడి చెప్పింది, ఎవరింటి కుండ అడుగంటా గీకి తోడు తెచ్చుకోరు కదా అని. మగవాళ్లు రాళ్లు పేర్చి నీళ్ల ఉరుకు తగ్గించారు. మక్క చొప్ప నరికి, మద్దాకు కలిపి మట్టితో పాటు అడుగున పరిచారు. వాళ్లకు అదే బువ్వ అంది జమున. బిక్షపతి తన చేలో పోసుకున్న ఒండ్రు కూడా తట్టలతో తెచ్చి వేశాడు.

తర్వాత ఏం జరిగింది? ఏమీ జరగలేదు.

జమున ప్రతి ఆదివారం వచ్చి బావి నీళ్లు చూసేది. పరీక్ష డబ్బాలోని సీసాలో నీళ్లు పోసి మందు వేస్తే ముదురు గులాబీ రంగు, అంటే నైట్రేటు తగ్గలేదని. వచ్చే ఆదివారమూ అదే. ఆ ఏడు చలి గట్టిగా పట్టింది. తండాలో మళ్లీ గొణుగుడు మొదలైంది. చదువు ఎక్కువై పిల్ల మనచేత బురద మోయించిందన్నారు. నాకు కోపం ఆగలేదు, ఒకరిద్దరిని కడిగేశాను. జమున మాత్రం, "అక్కా, చలికి పెరుగు తోడుకుంటదా? జర ఆగుండ్రి. ఎండ ముదరనియ్యుండ్రి," అనేది. అయితే వాగుకు గొంగడి కప్పుదామా అని ఒకాయన వెటకారం చేశాడు. ఆమె నవ్వి, కప్పగలిగితే కప్పుదునంది. కానీ బస్సెక్కాక "తోడుకోకపోతే?" అని నన్నే అడిగింది. నాకు తెలియదు. ప్రార్థన చేస్తానని మాత్రం చెప్పాను, చేశాను కూడా. బురద కోసం ప్రార్థన చేయడం నా జీవితంలో అదే మొదలు.

మాఘం దాటి ఎండ కాస్త చురుక్కుమనేసరికి మడుగులో బుడగలు కనిపించాయి. మొదట ఒకటీ అరా. తర్వాత అక్కడక్కడా గుంపులుగా. జమున ఒడ్డున గొంతుక్కూచుని చిన్నపిల్లలా వాటినే చూసింది. ఆ వారం గులాబీ రంగు కొంచెం పలచబడింది. తర్వాత ఇంకా పలచబడింది. ఒక ఆదివారం సీసాలో రంగు ఉందా లేదా అని నేను వెలుతురుకు పట్టి చూడాల్సి వచ్చింది. అయినా ఆమె ఒప్పుకోలేదు. సీసా నీళ్లు వరంగల్ తీసుకుపోయి పెద్ద యంత్రంలో చూసి, వచ్చి మళ్లీ చూసి, అప్పుడు చెప్పింది. బావి మంచిదైంది.

తండా అంతా బావి దగ్గర చేరింది. నీలి కూడా వచ్చింది, పిల్లను చంకలో వేసుకుని. నేరుగా జమున ముందుకొచ్చి నిలబడింది.

"నువ్వు తాగు ముందుగాల. నేను చూస్త."

తాగేస్తే అయిపోయేది. నేనైతే గటగటా తాగి మూతి తుడుచుకునేదాన్ని. జమున తల అడ్డంగా ఊపింది.

"నేను తాగినా రుజువు కాదు వదినా. పెద్దోళ్లకు గప్పుడు గూడ ఏం కాలె. చంటిపిల్లకే అయింది. నీకు నమ్మకం లేకుంటే క్యాను నీళ్లే పట్టు. నేనేం అనుకోను."

అంతమందిలో నిజం చెప్పింది, తనకు అనుకూలమైన అబద్ధం చేతికందేంత దగ్గరలో ఉన్నా. నీలి ఏం తూకం వేసుకుందో నాకు తెలియదు. చివరికి చెంబు అందుకుని బావి నీళ్లు చేదింది, ఇంటికి తీసుకుపోయి కాచింది, ఒక్కసారే కాచింది, పాలు కలిపింది. మేం గడప దగ్గర కూర్చున్నాం. పిల్ల తాగుతున్నంతసేపూ జమున ఆ పెదవుల వంకే చూసింది. ఆ పూటా చూశాం, మర్నాడూ చూశాం. పెదవులు మామూలుగానే ఉన్నాయి. పిల్ల నిద్రలో నవ్వింది. నీలి లోపలికి పోయి గిన్నెడు పెరుగన్నం తెచ్చి జమున చేతిలో పెట్టింది. "తిను, ఎముకలు తేలినయి," అంది. అంతకు మించి క్షమాపణలు, మన్నింపులు ఆ ఇంట్లో జరగలేదు, అవసరమూ పడలేదు.

జమున ఇప్పటికీ అదే డబ్బాతో అదే బస్సులో తిరుగుతోంది. కండక్టర్ అలవాటుపడి కిటికీ తెరుస్తాడు. సారు ఆ మడుగును మళ్లీ పరిశోధనలో చేర్చుకున్నారు. నేను నీళ్లు కాయడం గురించి చెప్పేటప్పుడు ఇంకో రెండు మాటలు కలుపుతున్నాను.

మొన్న వేసవిలో ఒక సాయంత్రం నేనూ జమునా నీలి వాకిట్లో కూర్చుని ఉన్నాం. నీలి అప్పుడే దీపం పెట్టింది. వాగుకు కింది వైపు తండా నుంచి మోతీ అనే ఆవిడ బకెట్ పట్టుకుని వచ్చింది. వాళ్ల బావి నీళ్లూ గులాబీ రంగు తేలాయట. ఇక్కడి సంగతి ఎవరో చెప్పారట.

"మీ వాగు తోడు జర ఇస్తరా అక్కా?"

జమున గబుక్కున లేవబోయింది. నీలి చెయ్యడ్డం పెట్టింది. పిల్లను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుని, దీపం వైపు చూసి, అది కూడా తెలియదా అన్నట్టు చెప్పింది:

"పొద్దుగూకినంక తోడు ఎవలన్న ఇస్తరా అక్కా? ఈ రాత్రి మా ఇంట్లనే తిని పండు. పొద్దుగాల నేనే దిగి ఇస్త."

జమున నా వైపు చూసింది. మట్టికి పగలేమిటి రాత్రేమిటి అని చెప్పడానికి ఆ గడప మీద ఆమె కన్నా అర్హత ఉన్నవాళ్లు లేరు. ఆమె నోరు తెరిచింది, మూసుకుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. ఆ తర్వాత లేచి, మోతీ చేతిలోని బకెట్ తీసుకుని, పొద్దున్నకు తేలిగ్గా దొరికేలా గడప పక్కన పెట్టింది.